నల్లకొండల మాట, నల్లమల మాట

1876 జూన్ 25న అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున కస్టర్ సేన సూ ఆదివాసుల గూడేల మీద పడింది. సూ, షయాన్ వీరులు తిరగబడ్డారు. కస్టర్ వెంట నడిచిన దళంలో ఒక్క సైనికుడూ మిగల్లేదు.

ఆ కొట్లాట ఎందుకొచ్చింది? 1868 ఒప్పందంలో బ్లాక్ హిల్స్ సూలవేనని సర్కారు రాసిచ్చింది. 1874లో అక్కడ బంగారం కనబడింది. మాట గాలికి పోయింది. గెలిచిన ఏడాదికే, 1877లో, చట్టం పేరు చెప్పి ఆ కొండలు గుంజుకున్నారు. 1980లో సుప్రీంకోర్టు అది అన్యాయమేనంది, పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారు చేసింది. పేదరికంలో ఉండి కూడా సూలు ఆ పైకం ముట్టలేదు. వాళ్లు అడిగింది కొండలను.

బ్లాక్ హిల్స్ అంటే నల్లకొండలు. మనకూ నల్లమల ఉంది.

1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల తూటాలకు కొమురం భీం ఒరిగిందీ అడవి కోసమే. నాగర్‌కర్నూల్ చెంచులది తుపాకీ యుద్ధం కాకపోవచ్చు, కానీ తగాదా అదే. అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు రోడ్డెక్కారు, ఊళ్లు వెంట నడిచాయి. సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానించింది. మంచిదే. కానీ 1868 ఒప్పందమూ కాగితమే!

కాగితం విలువ ఎంతో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ ముంపు పల్లెలను అడగండి. 1981లో శ్రీశైలం నీళ్ల కోసం ఇళ్లు కూల్చి జనాన్ని వెళ్లగొట్టారు. ఇంటికో ఉద్యోగమని 1986లో జీవో 98 ఇచ్చారు. ఆ జీవో పట్టుకొని తండ్రులు తిరిగిన ఆఫీసుల చుట్టే కొడుకులూ తిరిగారు.

భూమి పోయాక వచ్చే పైసలు బతుకును తిరిగి తేలేవు. కాబట్టి కాపలా ముందే ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకిచ్చింది. విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! ఆ చట్టం చదవండి. చెంచు పెంటలకు పోయి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించండి. గ్రామసభ పెట్టిన రోజు పక్కన కూర్చోండి. వేలిముద్ర వేసే ముందు ఆ కాగితంలో ఏముందో వాళ్లకు తెలియాలి. నల్లమలకు ఇప్పుడు కావలసిన కాపలా అదే.