కెమెరా కొనేముందు లెన్సు చూడండి

ఫిలిం రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్న ఎస్సెల్లార్ కెమెరా ఇప్పటికీ చాలా ఇళ్లలో బీరువా పై అరలో భద్రంగా ఉంటుంది. దాంతోపాటు ఒక 50 మి.మీ. లెన్సు, ఓ 135, కాస్త స్తోమత ఉన్నవాళ్లైతే ఓ 28. ఇప్పుడు పిల్లలు డిజిటల్ కెమెరా కొందామంటారు. ధర చూసి ఏదో ఒకటి ఇంటికి తెస్తారు. తీరా చూస్తే పాత లెన్సు దానికి ఎక్కదు. ఎక్కినా, గ్రూప్ ఫొటోలో సగంమంది కనపడరు. ఈ చిక్కు రాకూడదంటే ముందు ఇంట్లో ఉన్న లెన్సుల్ని బయటికి తీయండి. కెమెరా సంగతి తర్వాత. యాషికా ఎంఎఫ్-2 లాంటి కెమెరాలకు లెన్సు విడిగా ఊడదు కాబట్టి వాటిని జ్ఞాపకంగా దాచుకోవడమే.

పదడుగుల లెక్క

ఫిలిం మీద ఒక్కో ఫొటో 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. డిజిటల్ కెమెరాలో ఫిలిం ఉండాల్సిన చోట సెన్సర్ ఉంటుంది. 'ఫుల్‌ఫ్రేమ్' అనే ఖరీదైన కెమెరాల్లో సెన్సర్ దాదాపు అంతే ఉంటుంది. తక్కువ ధర కెమెరాల్లో ఎక్కువగా ఉండేది 'ఏపీఎస్-సీ' సెన్సర్. అది సుమారు 24 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు. లెన్సు వేసే బొమ్మ ఎప్పటిలాగే ఉంటుంది. చిన్న సెన్సర్ అందులో మధ్యభాగాన్ని మాత్రమే తీసుకుంటుంది. అందుకే లెన్సు మీది అంకెను ఒకటిన్నరతో హెచ్చించి చూసుకోవాలి. కెనాన్‌లోనైతే 1.6తో.

మన హాల్లోనే లెక్క వేద్దాం. పదడుగుల దూరం నుంచి 50 లెన్సుతో తీస్తే ఫిలిం మీద ఏడడుగుల వెడల్పు పడుతుంది. నలుగురైదుగురు హాయిగా నిలబడొచ్చు. అదే లెన్సు ఏపీఎస్-సీ కెమెరాకు పెడితే అయిదడుగులు కూడా పట్టదు. 28 లెన్సుదీ అదే కథ. దాదాపు పదమూడు అడుగులు పట్టేది కాస్తా ఎనిమిదిన్నరకు కుంచించుకుపోతుంది. గృహప్రవేశం ఫొటోలో ఈ చివర పెదనాన్న, ఆ చివర మేనత్త గల్లంతే! వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డం. ఫిలిం మీద 28 చూపించినంత వెడల్పు కావాలంటే ఇక్కడ 18 మి.మీ. లెన్సు ఉండాలి. కెమెరాతోపాటు ఇచ్చే జూమ్ లెన్సులు చాలావరకు 18 దగ్గర మొదలవడానికి కారణం ఇదే.

కలిసొచ్చే వైపు

దూరాన్ని దగ్గర చేసే లెన్సులకు ఇదే వరం. 135 లెన్సు ఏపీఎస్-సీ మీద 200లా పనిచేస్తుంది. స్కూలు వార్షికోత్సవంలో వెనక వరసలో కూర్చున్నా పాప డాన్సు దగ్గరగా దొరుకుతుంది. కొల్లేటి ఒడ్డున పెలికాన్లూ అంతే. 50 లెన్సేమో 75లా మారి, ముఖచిత్రాలకు చక్కగా సరిపోతుంది.

పైగా లెన్సు లోపలికి తీసుకునే వెలుతురు బలం తగ్గదు. చాలా పాత 50 లెన్సుల అపర్చర్ ఎఫ్ 1.8. కొత్త కెమెరాతో వచ్చే 18-55 జూమ్‌ను పూర్తిగా ముందుకు లాగితే సాధారణంగా ఎఫ్ 5.6. అంటే పాత లెన్సు తొమ్మిది, పది రెట్ల వెలుతురు తెస్తుంది. దీపాల వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయాలంటే ఆ తేడా విలువ తెలుస్తుంది.

కాబట్టి సూత్రం ఒకటే. దూరపు లెన్సులు, 50 పాతవే వాడుకోండి. వెడల్పు చూపించే లెన్సుకే డబ్బు పెట్టండి. పాత వైడ్ లెన్సుల్లో కొన్నిటితో మరో ఇబ్బంది కూడా ఉంది. వాటి నుంచి వచ్చే కాంతి అంచుల్లో బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిలిం దాన్ని సర్దుకుంది గానీ సెన్సర్ అంతగా సర్దుకోదు. మూలలు నల్లబడొచ్చు.

ఎక్కుతుందా, లేదా?

లెన్సును కెమెరాకు బిగించే చోటును మౌంటు అంటారు. అది ఏ కంపెనీదైతే ఆ దారి.

నికాన్: 1959లో వచ్చిన ఎఫ్ మౌంటునే డీఎస్సెల్లార్‌లకూ ఉంచారు. అయితే ఫిలిం కాలపు ఆటోఫోకస్ లెన్సులు నడవాలంటే కెమెరాలో మోటారు ఉండాలి. డి90, డి7000ల్లో ఉంది. డి3000, డి5000 సిరీస్‌ల్లో లేదు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. 1977కు ముందు నాటి మార్చని లెన్సుల్ని మాత్రం బలవంతంగా బిగించొద్దు, చాలా కెమెరాలు దెబ్బతింటాయి.

కెనాన్: 1987 తర్వాతి ఈఓఎస్ లెన్సులు ఈఓఎస్ డీఎస్సెల్లార్‌లకు నేరుగా సరిపోతాయి. అంతకుముందు నాటి ఎఫ్‌డీ లెన్సులు సరిపోవు.

పెంటాక్స్: 1975 నాటి కె మౌంటు లెన్సు ఆ కంపెనీ డీఎస్సెల్లార్‌లకు ఎక్కుతుంది.

మినోల్టా: 1985 తర్వాతి ఆటోఫోకస్ లెన్సులు సోనీ ఏ మౌంటు కెమెరాలకు పనికొస్తాయి. అవిప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి.

మరి ఎఫ్‌డీ, పాత మినోల్టా, మరలా తిప్పి బిగించే జెనిత్ లెన్సులున్నవాళ్ల సంగతేంటి? వాళ్లకు మిర్రర్‌లెస్ కెమెరాలే దిక్కు. లోపల అద్దం లేకపోవడంతో వీటిలో లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరం బాగా తక్కువ. నికాన్ ఎఫ్ మౌంటులో ఆ దూరం 46.5 మి.మీ. ఉంటే, 2018లో వచ్చిన జెడ్ మౌంటులో 16 మి.మీ. మాత్రమే. మధ్యలో మిగిలిన ఖాళీని నింపడానికి ఒక బోలు ఉంగరం చాలు. దాన్నే అడాప్టరు అంటారు. అందులో గాజు ఉండదు కాబట్టి బొమ్మ చెడదు. ఫోకస్ మాత్రం చేత్తోనే. మెనూలో 'లెన్సు లేకుండా క్లిక్' అనే అర్థం వచ్చే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. 'ఫోకస్ పీకింగ్' పెట్టుకుంటే పదునుగా ఉన్న అంచులు రంగులో మెరుస్తాయి. కళ్లజోడువాళ్లకు ఇది పెద్ద ఉపకారం.

టార్చి పరీక్ష

ఇవన్నీ లెన్సు ఆరోగ్యంగా ఉంటేనే. వెనకనుంచి టార్చి వేసి ముందునుంచి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ, బందరు లాంటి తీర ప్రాంతాల తేమకు ఇది త్వరగా పడుతుంది. కొద్దిగా ఉంటే మెకానిక్ శుభ్రం చేస్తాడు. గాజుపై పూత తినేసి ఉంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. అపర్చర్ రేకులు నూనె అంటి బిగుసుకున్నాయేమో కూడా తిప్పి చూడండి. లెన్సును తోలు సంచిలో పెట్టి మర్చిపోకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గట్టిగా మూతపడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే మేలు.

షాపుకు వెళ్లేటప్పుడు లెన్సును వెంట తీసుకెళ్లండి. కెమెరాకు బిగించి, అక్కడే నాలుగు ఫొటోలు తీసి, మూలల్ని పెద్దవి చేసి చూడండి. నచ్చితేనే డబ్బులివ్వండి. నాన్న ఎప్పుడో పైసా పైసా కూడబెట్టి కొన్న గాజు ఇంకా పనికొస్తుందంటే, ఆ డబ్బు మీ కొత్త కెమెరాలో మిగిలినట్టే.