బిడ్డను పట్టుకొన్న చేతులు

పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ఒడిలో బిడ్డ కనుపించిన క్షణము నుండి, పామఱ్ఱు మొదలు బందరు వఱకు ఏ యింట జూచినను, తండ్రియు మేనమామయు పిన్నియు పోటీపడి ఫోనులతో ఫోటోలు తీయుచునే యున్నారు. అయినను వానిలో పెక్కింట బిడ్డ యొంటరిగానే యుండును, ఏలయన మీట నొక్కుటకు ముందు “కాస్త పక్కకు జరుగమ్మా” యని తల్లిని తప్పించుట మనకు అలవాటైనది. పసిబిడ్డల ఫోటోలు జీవము లేక తేలిపోవుటకు వెలుతురు చాలకపోవుట కన్న ఈ తప్పించుటయే పెద్ద కారణమని నా నిశ్చితాభిప్రాయము.

1839లో డగ్యురో ఫోటో ప్రక్రియ లోకమునకు వెల్లడియైన పిదప చాలకాలము ఫోటోకు కూర్చున్నవారు కొన్ని క్షణములపాటు చలింపక యుండవలసి వచ్చెను. చంటిబిడ్డ కదలకుండునా? కావున విక్టోరియా రాణి కాలమున తల్లియే ఆసనమువలె నిలువెల్ల గుడ్డ కప్పుకొని బిడ్డను అదిమి పట్టుకొనెడిది. ఆ వస్త్రము క్రింద ఆమె భుజములు, మోకాళ్ళు స్ఫుటముగా తెలియు చిత్రములు నేటికిని నిలిచియున్నవి. ఇప్పటి ఫోను సెకనులో నూరవవంతునకే బింబమును పట్టుకొనగలదు. గుడ్డతో పని తీరినది గాని తల్లి మాత్రము వెలుపలికి రాలేదు. 1892లోనే హైదరాబాదున ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళు ఘోషాస్త్రీల కొఱకే వేఱొక స్టూడియో తెఱపించి, అందొక ఆంగ్లవనితను నియమించెను. ఘోషాస్త్రీలకే అట్టి వీలు కలిగినపుడు, ఘోషా లేని మన యిండ్లలో తల్లిని దాచుట యెందులకు?

పుట్టిన తొలివారములలో శిశువునకు ఇంచుమించు 20 నుండి 30 సెంటీమీటర్ల దూరమున నున్నవియే స్పష్టముగా కనుపించును, అనగా పాలిచ్చు తల్లి మొగమంత దూరము. ఆమెను తొలగించినచో బిడ్డ చూపునకు ఆలంబన మేది? ఆమెను తూర్పు వసారాలోనో, ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కనో కూర్చుండబెట్టి, ట్యూబులైటును ఫ్లాషును ఆర్పి, నీడపడిన వైపున తెల్లని పంచె నొకటి పట్టించినచో, ఆ వెలుతురే తిరిగి పసిచెంపపై మృదువుగా ప్రసరించును. మండువా లోగిళ్ళు మిగిలియున్న పల్లెలలో ఈ శ్రమయు అక్కఱలేదు; నడిమి నుండి దిగు ఆకాశకాంతికి సాటివచ్చు దీపము ఏ స్టూడియోలోను లేదు. ఫోను మొగమునకు ఆనించి తీసినచో ముక్కును నుదురును ఉబ్బిపోవును గనుక, రెండడుగులు వెనుకకు జరిగి, బిడ్డ కన్నుల మట్టమునకు వంగి తీయవలెను.

నేను అన్నిటికన్న మిన్నగా ఎంచు దృశ్యము నీళ్ళుపోయు వేళది. అమ్మమ్మ పీటపై కూర్చుండి, కాళ్ళు చాచి, మనుమరాలిని వానిపై బోర్లించి, నూనె మర్దించి, సున్నిపిండితో నలిచి, ఒక యరచేతితో మెడక్రింద ఆనుచు చెంబెడు గోరువెచ్చని నీరు వీపున జాఱవిడుచునపుడు, ముడుతలు పడిన ఆ వ్రేళ్ళును, ఇంకను మడతలు వీడని ఆ లేతమేనును ఒకే వెలుతురులో చేరును. అట్టి ఫోటో ఇంటివారి కొఱకే; దానిని పదిమంది చూచు చోట పెట్టరాదు. సాంబ్రాణి పొగ అందముగా కనుపించునని దానిని రగిలింపవలదు. పొగ పసియూపిరికి మేలు చేయదు.

ఇటీవల బుట్టలలో బిడ్డను కూర్చుండబెట్టి, గడ్డమును తన చేతులపైననే మోపినట్లు చూపు చిత్రములు మన పట్టణములకును వచ్చినవి. వానిని నేర్పరులు రెండు మూడు ఫోటోలను అతికి, ఆదుకొన్న చేతులను చెఱిపివేసి కూర్చెదరు. మెడ నిలువని శిశువుతో ఆ భంగిమను ఇంట ప్రయత్నించుట ప్రాణాపాయము. ఆదుకొన్న ఆ చేతులను చెఱిపివేయుటయే నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

బారసాల నాటివి, బోర్లపడిన నాటివి, అన్నప్రాశన నాటివి కొన్నియైనను ఫోనులో మఱుగుపడకముందే కాగితముపై అచ్చువేయించి, వెనుక తేదియు ఊరును బిడ్డ పేరును వ్రాయునపుడు, పట్టుకొన్నవారి పేరును సైతము వ్రాయుడు.