ప్రశ్న అడగనివ్వండి

మా గోవింద్‌పూర్‌లో సాయంత్రాలు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతాను. టాటా కంపెనీల్లో పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ల మనవలు కూడా నా దగ్గరికి వస్తారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. తెలుగులో 'వెళ్లాడు' చివర 'ఆ' చేరిస్తే 'వెళ్లాడా' అని ప్రశ్న. హిందీలో ముందు 'క్యా' పెడితే సరి. ఇంగ్లిష్‌లో 'హి ఈజ్ రెడీ'ని 'ఈజ్ హి రెడీ' అని తిప్పితే చాలు గానీ, 'హి వెంట్' దగ్గర 'డిడ్' వచ్చి కూర్చుంటుంది, 'వెంట్' కాస్తా 'గో' అయిపోతుంది.

'డిడ్ హి వెంట్' అని రాసిన పిల్లాడికి ఎర్రగీత కొట్టి వదిలేయడం అన్యాయం. జరిగిపోయిన పనిని రెండుచోట్లా చూపించాడు, అంతే. భూతకాలం 'డిడ్'లోనే ఉందని చెబితే వెంటనే దిద్దుకుంటాడు. షేక్స్‌పియర్ కాలంలో ఇంగ్లిష్ వాళ్లే 'డూ' పెట్టీ, పెట్టకా రెండు రకాలుగా అడిగేవారు మరి!

నాకు అసలు బాధ పరీక్షలతోనే. వాక్యమిచ్చి ప్రశ్నగా మార్చమంటారు, ఆ ప్రశ్నకు జవాబు ఎవరికీ అక్కర్లేదు. టీచర్లూ, వారానికి ఒక్క పీరియడ్ పిల్లల్ని అడగనివ్వండి, మీరు జవాబు చెప్పండి.