సీటు మనది, టికెట్టు ఎవరిది?

వచ్చే లోక్‌సభ ఎన్నికలు 2029లో. ఎవరు గెలుస్తారు, ఎవరు ఓడతారు అని ఊళ్లో రచ్చబండ మీద ఇప్పటినుంచే పందాలు. మాకు మాత్రం ఇంకో తేదీ కళ్లముందు ఆడుతోంది: 2030 జనవరి 25.

లోక్‌సభలో, శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీ సీట్ల గడువు అప్పటితో తీరుతుంది. రాజ్యాంగం 334వ అధికరణం మొదట పదేళ్లే ఇచ్చింది. తర్వాత పదేళ్లకోసారి పొడిగిస్తూ వచ్చారు. చివరిసారి పొడిగించింది 2019 డిసెంబరులో, కొత్త లోక్‌సభ వచ్చాక. ఈసారీ అలాగే జరిగితే, తేల్చేది 2029లో మనం గెలిపించేవాళ్లే. చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు ఈ గడువు లేదు. అన్నీ పోతాయని ఎవడైనా బెదిరిస్తే నమ్మకండి.

పొడిగిస్తారనే మా అంచనా. మన ఓట్లు ఏ పార్టీకి చేదు? మా దిగులు వేరే. 543లో ఎస్సీ సీట్లు 84. ఆంధ్రలో నాలుగు, తెలంగాణలో మూడు. మన వాడ మీద దాడి జరిగితే అక్కడ కూర్చున్న మనవాళ్ల నోరెందుకు పెగలదు? టికెట్టు ఇచ్చేది పార్టీ పెద్దలు గనక. 1932లో బాబాసాహెబ్ సాధించిన ప్రత్యేక నియోజకవర్గాలు గాంధీ నిరాహారదీక్షతో, పూనా ఒప్పందంతో పోయాయి. ఆనాటినుంచీ ఇదే రోగం.

సవరణకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 84 మందితో అయ్యే పని కాదు. కాబట్టి జనరల్ సీటువాడైనా సరే, దండాలు పెట్టుకుంటూ వాడలోకి వస్తే నిలబెట్టి అడగండి: పొడిగింపుకు చెయ్యెత్తుతావా? మా మీద దెబ్బ పడితే పార్టీని కాదని మాట్లాడతావా? జవాబు పదిమందిలో చెప్పించండి. ఈ సీట్లు ఎవరి దయాధర్మమూ కాదు.

జై భీమ్!