బొమ్మల కథలోని రాజకీయం – వెండితెర కోసం నిరీక్షణ

బొమ్మల కథలు అనగానే అవి పిల్లల కాలక్షేపమని పెద్దలు పెదవి విరవటం మనలో పరిపాటి. పరీక్షలు దగ్గరపడితే ఆ పుస్తకాలు బీరువా పైఅరకు చేరవలసినదే. అయితే ఒక దేశం మరొక దేశాన్ని ఏ సాకుతో ఆక్రమిస్తుందో, అబద్ధానికి ప్రచారం ఏ విధంగా రెక్కలు తొడుగుతుందో పన్నెండేళ్ల పిల్లవానికి సైతం బోధపడేటట్లు చెప్పిన పుస్తకం బొమ్మల పుస్తకమే అయినప్పుడు, దానిని ఏ అరలో ఉంచాలి? ఈ మాసం మన శీర్షికలో ఆ పుస్తకాన్ని గురించీ, దాని కథానాయకుని రెండవ చలనచిత్రం కోసం ఏళ్ల తరబడి సాగుతున్న నిరీక్షణను గురించీ ముచ్చటించదలచాము.

ఆ నాయకుడు టిన్‌టిన్. ఎర్జే అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన బెల్జియం చిత్రకారుడు జార్జ్ రెమీ 1929 జనవరి 10న ఒక పత్రిక పిల్లల అనుబంధంలో ఈ యువ విలేకరిని ప్రవేశపెట్టాడు. కోల్‌కతాలో కాపురమున్న మన కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. 1970వ దశకంలో ‘ఆనందమేళా’ పిల్లల పత్రిక ద్వారా టిన్‌టిన్ వంగభాషలోకి అడుగుపెట్టాడు. అతని కుక్కపిల్లకు బెంగాలీ పిల్లలు ఎరిగిన పేరు కుట్టుస్. అనువాదకుడు సామాన్యుడు కాడు. ‘ఉలంగ రాజా’ కావ్యానికి 1974లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవి నీరేంద్రనాథ్ చక్రవర్తి. రాజుగారి ఒంటిమీద బట్టలు లేవని చెప్పగల పసివాడు ఎక్కడున్నాడని వెదకిన కవే, ప్రపంచమంతా తిరిగి నిజాన్ని వెదికే పిల్లవాని కథలను తన భాషలోకి తెచ్చాడన్నది గమనార్హం. వంగదేశంలో గొప్ప కవులు పిల్లల కోసం వ్రాయటాన్ని చిన్నతనంగా భావించలేదు.

ఇక రాజకీయం మాట. 1931 సెప్టెంబరు 18న మంచూరియాలోని ముక్డెన్ వద్ద రైలుమార్గంపై ప్రేలుడు జరిగింది. జరిపించినవారు జపాను సైనికాధికారులు. నింద మోపింది చైనీయులపైన. ఆ సాకుతో జపాను మంచూరియాను ఆక్రమించింది. 1934–35లో ధారావాహికగా వచ్చి, 1936లో పుస్తకరూపం దాల్చిన ‘నీలి కమలం’ కథలో ఎర్జే ఈ కుట్రనంతా బొమ్మలలో చూపాడు. చిన్న ప్రేలుడు వార్తగా మారి, నోటినుండి నోటికి ప్రాకుతూ, చివరికి సేనలు కదలటానికి కారణమయ్యే తీరు అందులో చూడవలసినదే. ఆనాటి ఐరోపా పత్రికలు అనేకం జపాను మాటనే వల్లిస్తున్న కాలమది.

ఈ ధైర్యం ఎర్జేకు ఒక మిత్రుని వలన అబ్బింది. బ్రస్సెల్స్‌లో శిల్పకళ అభ్యసిస్తున్న చైనా విద్యార్థి చాంగ్ చోంగ్‌రెన్ అతనికి చైనా జీవితాన్ని పరిచయం చేశాడు. కథలోని గోడలపై కనిపించే చైనా అక్షరాల నినాదాలు చాంగ్ పుణ్యమే. అవి సామ్రాజ్యవాదాన్ని ఎదిరించే నినాదాలని బెల్జియం పిల్లలకు తెలియకపోయినా, చదవగలిగినవారికి తెలిసింది. అంతకుముందు వెలువడిన కాంగో కథలో ఎర్జే వలసపాలకుల కళ్లతోనే ఆఫ్రికాను చూశాడు. ‘నీలి కమలం’లో సైతం జపాను ప్రతినాయకుని బొమ్మ ఎగతాళిగానే ఉన్నది. అయినప్పటికీ, ఎరుగని దేశం గురించి వ్రాసేముందు ఆ దేశస్థుని అడిగి తెలుసుకోవాలన్న వివేకం అతనికి ఇక్కడినుండే కలిగింది.

1938–39లో వచ్చిన ‘ఒటోకార్ రాజదండం’లో చిన్న రాజ్యాన్ని మింగజూసే కుట్రదారుని పేరు ముస్ట్‌లర్. ముస్సోలినీ, హిట్లర్ పేర్లను కలిపి చేసిన పేరది. తరువాతి కాలపు ‘టిబెట్‌లో టిన్‌టిన్’ కథకు 2006లో దలైలామా చేతులమీదుగా పురస్కారం అందింది. అదే పుస్తకాన్ని 2001లో చైనాలో ‘చైనా టిబెట్‌లో టిన్‌టిన్’ అని ముద్రించగా, ఎర్జే సంస్థ అభ్యంతరం తెలిపి పాత పేరునే నిలుపుకున్నది. శీర్షికలో ఒక్క మాట చేరిస్తే ఇంత వివాదమైన పుస్తకాన్ని ఒట్టి పిల్లల ఆట అనగలమా?

ఇప్పుడు చలనచిత్రం సంగతి. 1981లో తన చిత్రాన్ని టిన్‌టిన్‌తో పోల్చిన సమీక్ష చూసి స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఆ పుస్తకాలను చేతబట్టాడు. ఇరువురూ కలుసుకొనకమునుపే 1983 మార్చిలో ఎర్జే కన్నుమూశాడు. హక్కులు తీసుకోవటం, రచన నచ్చకపోవటం, గడువు తీరటం, 2002లో మళ్లీ తీసుకోవటం – ఈ విధంగా కాలం గడచి, చిత్రం 2011లో గాని వెలువడలేదు. మన దేశంలో అమెరికా కన్నా ముందుగా, ఆ నవంబరులోనే విడుదల కావటం విశేషం. రెండవ చిత్రానికి పీటర్ జాక్సన్ దర్శకుడని అప్పుడే ప్రకటించారు. అది ఇంతవరకు రాలేదు.

తొలిచిత్రం కనులపండువుగా ఉన్నదనటంలో సందేహం లేదు. అయితే అందుకు ఎంచుకున్న మూడు పుస్తకాలూ ప్రధానంగా దొంగరవాణా, ఓడలు, నిధుల వేటకు సంబంధించినవి. నటుల కదలికలను యంత్రాలతో పట్టి బొమ్మలుగా మలచే ఖర్చుతో కూడిన పద్ధతికి అన్ని దేశాలలోను టిక్కెట్లు తెగే కథ కావాలి. ‘నీలి కమలం’ వంటి కథకు ఏదో ఒక దేశంలో అభ్యంతరం రాక తప్పదు. కనుక మా నిరీక్షణ రెండవ చిత్రం ఎప్పుడు వస్తుందన్నదానికంటె, ఆ సాహసం ఎవరైనా చేస్తారా అన్నదాని గురించే. నిధి దొరికే కథలు పిల్లలకు ఆనందమిస్తాయి. నిజం దొరికే కథలు వారితోపాటు ఎదుగుతాయి.

మన దేశంలోనూ ఈ దారి మూసుకొని లేదు. నర్మదా ఆనకట్టల నిర్వాసితుల పోరాటంపై ఒరిజిత్ సేన్ 1994లో వెలువరించిన ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ మన తొలి గ్రాఫిక్ నవలగా పేరుగాంచి, 2022లో పునర్ముద్రణ పొందింది. ప్రాజెక్టుల నిర్మాణంలో పాలుపంచుకునే ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనం అందులోని ప్రతి మాటతో ఏకీభవించనక్కరలేదు గాని, ఆనకట్ట అవతలి ఒడ్డున నిలిచినవాని చూపు ఎట్టిదో తెలుసుకొనటం అవసరమే. బొమ్మకూ తెరకూ ఉన్న చుట్టరికం తెలుగువారికి చెప్పవలసినది కాదు. ప్రతి సన్నివేశాన్నీ ముందుగా కాగితంపై గీసుకొని చిత్రీకరించిన బాపు మనవాడు. కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పద్ధతీ అదే. ఇరువురూ ప్రకటనల సంస్థలలో కుంచెపట్టి, తరువాత దర్శకులైనవారే.

బదిలీపై ఈ నగరానికి వచ్చిన మన పిల్లలు బడిలో ఆంగ్లం, ఆటస్థలంలో బెంగాలీ, హిందీ నేర్చుకుంటున్నారు. తెలుగు వంటింటి భాషగా మిగులుతున్నదన్న బెంగ తల్లిదండ్రులందరిదీ. వారికి మా సూచన ఇది: చలనచిత్రం వచ్చేదాకా ఆగవద్దు. కాలేజీ స్ట్రీట్‌లోనో, పుస్తక ప్రదర్శనలోనో దొరికే టిన్‌టిన్‌ను కొని, రాత్రి భోజనాలయ్యాక పిల్లవానిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, బెంగాలీలోనో ఆంగ్లంలోనో ఉన్న మాటలను తెలుగులో చెప్పమనండి. రైలుమార్గాన్ని ప్రేల్చింది ఎవరు, నింద ఎవరిమీద పడింది, అందరూ ఎందుకు నమ్మారు అని అడగండి. భాషా నిలుస్తుంది, ఆలోచనా అలవడుతుంది. మన గ్రంథాలయం వారు సైతం కొత్త పుస్తకాల జాబితాలో ఇటువంటివి నాలుగు చేర్చగలరని ఆశిస్తున్నాము.