సైన్స్ బడికి కావాల్సింది తీరిక

1979లో ఫిజిక్స్ నోబెల్ బహుమతిని ముగ్గురు పంచుకున్నారు. ఒకరు పాకిస్థాన్‌కు చెందిన అబ్దుస్ సలామ్. మిగిలిన ఇద్దరు షెల్డన్ గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్. ఈ ఇద్దరూ న్యూయార్క్‌లోని బ్రాంక్స్ హైస్కూల్ ఆఫ్ సైన్స్‌లో సహాధ్యాయులు. 1950లో కలిసే చదువు ముగించుకుని బయటికొచ్చారు. నోబెల్ సంస్థకు రాసిచ్చిన స్వీయ పరిచయంలో గ్లాషో ఆ బడిని తలచుకున్నారు. సబ్‌వే రైల్లో బడికి వెళ్లివస్తూ వైన్‌బర్గ్, గెరాల్డ్ ఫైన్‌బర్గ్, తాను ఒకరినొకరు ఉసిగొల్పుకుంటూ ఫిజిక్స్ నేర్చుకున్నామని చెప్పారు. అప్పట్లో బడిలో చెప్పే లెక్కలు ఘనజ్యామితి దగ్గరే ఆగిపోయేవి. ఆయనకు కాల్‌క్యులస్ నేర్పింది డాన్ గ్రీన్‌బర్గర్ అనే తోటి విద్యార్థి. నేర్పిన చోటు బడిలోని భోజనాల గది. ఆ గ్రీన్‌బర్గర్ కూడా తర్వాతి కాలంలో క్వాంటమ్ భౌతికశాస్త్రంలో పేరు పొందిన పరిశోధకుడయ్యారు.

న్యూట్రినోలపై చేసిన పరిశోధనకు 1988లో నోబెల్ అందుకున్న మెల్విన్ ష్వార్ట్జ్ కూడా అదే బడి విద్యార్థి. పన్నెండో ఏట చేరి అక్కడ గడిపిన నాలుగేళ్లు తన జీవితంలో ఎంతో ఉత్తేజంగా గడిచిన కాలమని ఆయన రాసుకున్నారు. తనలాంటి ఆసక్తి, చురుకుదనం ఉన్న తోటి పిల్లల సాంగత్యమే అందుకు ముఖ్య కారణమన్నారు.

సైన్స్, టెక్నాలజీ కోసం ప్రత్యేకంగా బడులు పెట్టాలన్న మాట మన దగ్గరా ఏళ్లుగా నలుగుతోంది. సీటు ఎలా వస్తుందని తల్లిదండ్రులు అడుగుతారు. ఎన్ని సీట్లు ఇచ్చామో, ఎంత ఖర్చు పెట్టామో ప్రభుత్వాలు చెబుతాయి. అలాంటి చోట చదివి వచ్చినవాళ్లు ఏం చెబుతున్నారో వినే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. వాళ్ల మాట వింటే ఈ బడుల బలం ఎక్కడుందో తేలిపోతుంది. పరీక్షతో ముడిపడని కాస్త తీరిక, ఆ తీరికను పంచుకునే స్నేహితులు. వాళ్లు ప్రేమగా గుర్తుచేసుకునేది ఈ రెండింటినే. మన సైన్స్ చదువుల్లో కరువైనవీ ఈ రెండే.

మార్కులు చెప్పని సంగతి

బ్రాంక్స్ సైన్స్ 1938లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ మోరిస్ మైస్టర్. అది ప్రభుత్వ బడి, ఫీజు లేదు. రష్యా నుంచి వలస వచ్చి ప్లంబింగ్ పనితో కుటుంబాన్ని నిలబెట్టిన తండ్రికి కొడుకు గ్లాషో. అలాంటి ఇళ్ల పిల్లలు ఎందరికో ఆ బడి నీడనిచ్చింది. 1946 నుంచి ఆడపిల్లలనూ చేర్చుకుంది. ఇప్పటిదాకా అక్కడ చదివిన 9 మందికి నోబెల్ దక్కింది. ఏడుగురికి ఫిజిక్స్‌లో, ఒకరికి కెమిస్ట్రీలో. 2023లో ఆర్థికశాస్త్రంలో బహుమతి గెలుచుకున్న క్లాడియా గోల్డిన్ తొమ్మిదోవారు.

ఇలాంటి జాబితా చూసి మురిసిపోయే ముందు ఒక జాగ్రత్త అవసరం. నోబెల్ వచ్చినవాళ్లే ఆత్మకథలు రాస్తారు. అదే బడిలో వెనకబడి నొచ్చుకున్నవాళ్ల జ్ఞాపకాలు అచ్చుకెక్కవు. అందుకే ఆర్థికవేత్తలు వేసిన లెక్కనూ పక్కన పెట్టుకుని చూడాలి. అతిలా అబ్దుల్‌కదిరోగ్లు, జాషువా ఆంగ్రిస్ట్, పరాగ్ పాఠక్ కలిసి బోస్టన్, న్యూయార్క్ నగరాల్లోని ఇలాంటి బడులను పరిశీలించి 2014లో ఎకనోమెట్రికా పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. కటాఫ్‌కు కాస్త పైన నిలిచి సీటు దక్కించుకున్నవాళ్లను, కాస్త కింద ఆగి సీటు పోగొట్టుకున్నవాళ్లను పోల్చి చూశారు. తర్వాత రాసిన పరీక్షల్లో ఈ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చురుకైన పిల్లలను ఏరి ఒకచోట చేర్చినంత మాత్రాన వాళ్ల మార్కులు పెరిగిపోవని దీని సారాంశం.

పైకి చూస్తే ఈ అధ్యయనం గ్లాషో, ష్వార్ట్జ్‌ల మాటకు ఎదురుగా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. తమకు మార్కులు పెరిగాయని వాళ్లూ చెప్పలేదు. సిలబస్‌లో లేని కాల్‌క్యులస్‌ను ఒక కుర్రాడు ఇంకో కుర్రాడికి అన్నం తినే బల్ల దగ్గర నేర్పడాన్ని ఏ పరీక్షా కొలవలేదు. మార్కుల కోసమే అయితే ఇలాంటి బడి దండగ. ఆ బల్ల కోసం అయితే అవసరం.

గేటు దగ్గరే ఆగిన చర్చ

అమెరికాలోనూ ఈ బడులపై రగడంతా ప్రవేశం చుట్టూనే తిరుగుతోంది. న్యూయార్క్‌లో బ్రాంక్స్ సైన్స్, స్టైవెసంట్, బ్రూక్లిన్ టెక్ బడుల్లో ప్రవేశం పరీక్షతోనే జరగాలని 1971లో రాష్ట్ర చట్టమే వచ్చింది. నల్లజాతి, లాటినో పిల్లలకు అక్కడ దక్కుతున్న సీట్లు అతి తక్కువ కావడంతో ఆ పరీక్షపై ఏటా వాదం రేగుతూనే ఉంది.

మన తెలుగు కుటుంబాలకు దగ్గరగా తెలిసిన గొడవ వర్జీనియాలోది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 1985లో మొదలైన థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీని అక్కడివాళ్లు టీజే అంటారు. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీల్లో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో పిల్లలు మిడిల్ స్కూల్లో ఉండగానే టీజే మాట మొదలవుతుంది. 2020లో ఆ బడి ప్రవేశ పరీక్షను ఎత్తేశారు. ఒక్కో మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతానికి సమానంగా సీట్లు కేటాయించారు. మార్కుల సగటుతోపాటు వ్యాసాలను, కుటుంబ పరిస్థితిని లెక్కలోకి తీసుకున్నారు. మరుసటి ఏడాది సీట్లు దక్కినవారిలో ఆసియా మూలాల పిల్లల వాటా 73 శాతం నుంచి 54 శాతానికి తగ్గింది. ఒక శాతం కూడా లేని పేదింటి పిల్లల వాటా 25 శాతానికి చేరింది. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2022లో జిల్లా కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2023లో అప్పీలు కోర్టు దాన్ని తిప్పికొట్టింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

రెండు పక్షాల వాదనలోనూ న్యాయం ఉంది. కష్టపడి చదివిన పిల్లకు దారి మూయొద్దన్నది ఒకటి. కోచింగ్ కొనలేని ఇంటి పిల్లకూ దారి తెరవాలన్నది రెండోది. కానీ ఇన్నేళ్ల వ్యాజ్యంలో లోపల దొరికేది ఏమిటో, అది ఈ ఒక్క బడికే ఎందుకు పరిమితం కావాలో అడిగిన గొంతులు తక్కువ.

టీజేలో వారానికి రెండు రోజులు ఎనిమిదో పీరియడ్ ఉంటుంది. బడి వేళల్లోనే, పిల్లలు తమకు నచ్చిన క్లబ్‌కు, నచ్చిన పనికి వెళ్లే సమయమది. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఏదో ఒక పరిశోధనశాలలో చేరి సొంత ప్రాజెక్టు చేయాలి. ఖగోళశాస్త్రం, నాడీశాస్త్రం, సముద్రశాస్త్రం, రోబోటిక్స్, కంప్యూటర్ వ్యవస్థలు ఇలా ఎవరికి నచ్చిన ల్యాబ్ వాళ్లది. 2013 నవంబర్‌లో వాలప్స్ ద్వీపం నుంచి కక్ష్యలోకి వెళ్లిన టీజే3శాట్ అక్కడి పిల్లలు కట్టిన ఉపగ్రహమే. పది సెంటీమీటర్ల ఘనం. హైస్కూలు విద్యార్థులు నిర్మించగా కక్ష్య చేరిన మొదటి ఉపగ్రహంగా దానికి గుర్తింపు ఉంది. ఆ పని 2006లో మొదలైంది. బడిలో ఉండేది నాలుగేళ్లు, పని పట్టింది ఏడేళ్లు. మొదలుపెట్టిన పిల్లలు ప్రయోగం నాటికి ఎప్పుడో బడి వదిలి వెళ్లిపోయారు. ఒక బ్యాచ్ చేసిన పనిని తర్వాతి బ్యాచ్ అందుకుంది. తన పేరు మీద మార్కు పడదని తెలిసీ పదిహేనేళ్ల పిల్లలు అలాంటి పని చేశారంటే, అందుకు వీలిచ్చే వేళ ఆ బడి టైంటేబుల్లో ఉండటమే కారణం.

అక్కడా అంతా సవ్యంగా లేదు. హోంవర్క్ బరువు, చాలని నిద్ర, పెద్ద కాలేజీల సీట్ల కోసం తోటివాళ్లతో పోటీ. అలాంటి బడుల్లో చదివినవాళ్లు దాచకుండా చెప్పే కష్టాలివి. తమకు మేలు చేసింది స్వేచ్ఛ, కీడు చేసింది పోటీ అని వాళ్ల అనుభవం స్పష్టంగానే చెబుతోంది.

మనం తెచ్చుకున్నది సగమే

తెలుగు రాష్ట్రాల్లో సైన్స్ చదువు పేరుతో నడుస్తున్న వ్యాపారం ఆ కీడును మాత్రమే దిగుమతి చేసుకుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. బడి బోర్డు మీద టెక్నో, ఒలింపియాడ్ అన్న తోకలు. ఇంటర్‌కు వచ్చేసరికి హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా క్లాసులు, స్టడీ అవర్లు. వారం వారం బిట్ల పరీక్ష. అందులో వచ్చిన మార్కులను బట్టి సెక్షన్ మారుస్తారు. నోటీసు బోర్డు మీద జాబితా పెట్టిన పూట పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు జారిన పిల్ల పుస్తకాలు సర్దుకుని, నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితురాలిని వదిలి వేరే గదికి వెళ్లాలి. ఆ స్నేహితురాలికి నిన్న రాత్రి ఒక లెక్క చెప్పి ఉంటే, జాబితాలో తన చోటును తానే వదులుకున్నట్టు. గ్రీన్‌బర్గర్ ఈ హాస్టల్లో ఉంటే గ్లాషోకు కాల్‌క్యులస్ నేర్పేవాడా? నేర్పనివ్వని ఏర్పాటును మనం లక్షల ఫీజు కట్టి కొనుక్కుంటున్నాం.

ల్యాబ్ సంగతి మరీ దారుణం. ఇంటర్ రెండో ఏడాదిలో ఫిజిక్స్‌కు 30, కెమిస్ట్రీకి 30 మార్కుల ప్రాక్టికల్స్ ఉన్నాయి. చాలా కాలేజీల్లో ల్యాబ్ తాళం తెరుచుకునేది ఆ పరీక్షలకు కొద్ది రోజుల ముందే. రికార్డు పక్కవాడిది చూసి నింపుతారు. వెర్నియర్ కాలిపర్స్‌ను చేత్తో పట్టుకోకుండానే దాని మీద వచ్చే బిట్లన్నీ పెట్టగల పిల్లలు వేలల్లో తయారవుతున్నారు. ఇక ఒత్తిడి సంగతి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఒత్తిడిపై 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ అధ్యయనం చేశాయి. కమిటీలు మారాయి, స్టడీ అవర్లు మారలేదు.

ప్రభుత్వం చేసిన మంచి ప్రయత్నం ఒకటుంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పుట్టింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో క్యాంపస్‌లు వెలిశాయి. జనం నోట ట్రిపుల్ ఐటీలుగా స్థిరపడ్డాయి. పదో తరగతి కాగానే చేర్చుకుని రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు చదివిస్తాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ఆ విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్. ప్రవేశ పరీక్షకు బదులు పదో తరగతి ఫలితాలు చూడటం, ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా కొంత కలపడం అందులోని గొప్ప నిర్ణయం. కోచింగ్ కొనలేని ఊరి పిల్లకు గేటు ఎలా తెరవాలన్న ప్రశ్నకు వర్జీనియా కన్నా పన్నెండేళ్ల ముందే మనం ఒక జవాబు వెతుక్కున్నాం.

గేటు తెరిచాం సరే, లోపలి సంగతి? 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండకూ వానకూ ఓర్చి వారం పాటు బైఠాయించారు. రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలి, సరిపడా అధ్యాపకులు కావాలి, ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి, మెస్‌లో తిండి బాగుండాలి. వాళ్లు అడిగినవి ఇవే. ఒక సైన్స్ విద్యాసంస్థ పుట్టిన పద్నాలుగేళ్లకూ అందులోని పిల్లలు అన్నం కోసం, గురువుల కోసం రోడ్డెక్కాల్సి రావడం మన ప్రభుత్వాలు సిగ్గుపడాల్సిన విషయం.

చేయగలిగినవి ఉన్నాయి

కొత్త భవనాలు, కొత్త పథకాల పేర్లు ఇప్పుడు అక్కర్లేదు. ట్రిపుల్ ఐటీల పీయూసీ టైంటేబుల్లో, గురుకులాల్లో, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో వారానికి రెండు పీరియడ్లు పరీక్షకు సంబంధం లేకుండా వదిలేయాలి. ఆ వేళ టీచరు పాఠం చెప్పకూడదు, స్లిప్ టెస్టు పెట్టకూడదు. ల్యాబ్ జూన్‌లోనే తెరిచి విద్యా సంవత్సరం పొడుగునా తెరిచే ఉంచాలి. మార్కులను బట్టి వారం వారం సెక్షన్లు మార్చడాన్ని ఇంటర్ బోర్డులు నిషేధించాలి. తనిఖీకి వెళ్లిన అధికారి ఫలితాల శాతంతోపాటు ల్యాబ్ రిజిస్టర్ కూడా చూడాలి.

డబ్బు లేదనడానికీ వీల్లేదు. నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల కింద ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. వచ్చే కొన్నేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబ్‌లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. త్రీడీ ప్రింటర్ కొని గదిలో పెట్టి తాళం వేస్తే ఆ డబ్బు బూడిదపాలే. దాని ముందు పిల్లలు కూర్చునే వేళ టైంటేబుల్లో ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఆ ఏర్పాటు కలెక్టరు చేయలేడు, మంత్రి చేయలేడు. ప్రతి బడిలో హెడ్మాస్టరు చేయాలి. చేసే అధికారం హెడ్మాస్టరుకు ఇవ్వాలి.

అన్నిటికన్నా ముందు జరగాల్సింది ఒకటుంది. ట్రిపుల్ ఐటీల మొదటి బ్యాచ్ 2014లో చదువు పూర్తి చేసుకుంది. ఆ తర్వాత ఏటా వేల మంది బయటికొచ్చారు. పల్లె బడి నుంచి వచ్చి ఆరేళ్లు అక్కడ గడిపినవాళ్లకు ఏది అక్కరకొచ్చింది, ఏది ఊపిరాడనివ్వలేదు, ఎవరి దగ్గర నిజంగా నేర్చుకున్నారు అన్నది వాళ్లకే తెలుసు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ వాళ్లను పిలిచి అడగాలి. చెప్పింది రాసుకోవాలి. అచ్చువేసి జనం ముందు పెట్టాలి. వచ్చే ఏడాది టైంటేబుల్ తయారు చేసే బల్ల దగ్గర విద్యాశాఖ అధికారులతోపాటు ఆ పూర్వ విద్యార్థులకూ కుర్చీ వేయాలి.