పట్నంలో మైక్రోస్కోపులు, పల్లెలో తెగుళ్లు

నానో పరిశోధనలో హైదరాబాదుకు దేశంలో మంచి పేరున్నది. బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ., హబ్సిగూడ వద్ద సి.సి.ఎం.బి., గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం, కందిలో ఐ.ఐ.టి. - అన్నీ ఒక్క పూటలో చుట్టి రాదగినంత దగ్గరలో వున్నవి. వీటితో మనకేమి పని అని పల్లెవాసులు అనుకోవచ్చు. 2000 ఖరీఫ్‌ను మరువని అనంతపురం వేరుశనగ రైతు మాత్రం అలా అనుకోడు.

ఆ ఏడు లేత మొక్కలు కాండం నల్లబడి చచ్చినవి. రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. చూపుకు మొవ్వుకుళ్లు తెగులులాగే వున్నది. కాని అది కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, స్కాట్లాండు వారితో కలిసి, అది పొగాకు చార వైరస్ అని తేల్చారు.

మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ వైరస్ రేణువు సుమారు 30 నానోమీటర్లు. వెలుతురుతో చూసే మామూలు మైక్రోస్కోపు 200 దగ్గరే ఆగిపోతుంది. వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లను, గాజు కటకాలకు బదులు అయస్కాంతాలను వాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకే ఇంతటి సూక్ష్మరేణువు కనబడుతుంది. అయితే చూసినంత మాత్రాన వైరస్ పేరు తెలియదు. సీరం పరీక్షలు, జన్యు పరీక్షలు కూడా తోడు కావలసిందే.

పేరు తెలిశాక దారి దొరికింది. గట్లపై పెరిగే వయ్యారిభామ మొక్క జబ్బు పైకి చూపకుండానే వైరస్‌ను దాచుకుంటుంది. దాని పుప్పొడి ద్వారా తామర పురుగుల వెంట అది చేలోకి వస్తుంది. కనుక పూతకు ముందే ఆ కలుపు పెరికివేయడం, చేను చుట్టూ జొన్న, సజ్జ సాళ్లు వేయడం మందు డబ్బాలకన్న మేలైన పని.

నేడు నానో పేరుతో ఎరువులు కూడా దుకాణాలకు వచ్చినవి. 2021లో వచ్చిన నానో యూరియా అర లీటరు సీసా ఒక బస్తాతో సమానమని ప్రచారం జరిగింది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో వరి, గోధుమ దిగుబడి తగ్గింది. కాబట్టి మన నేలల్లో తూచి చూడకుండా రైతుకు అంటగట్టరాదు.

ఈ పరిశోధనాశాలల్లో కొన్ని బయటివారికి రుసుముపై పరీక్షలు చేస్తాయి. ఆ సంగతి కాలేజీలకు, కంపెనీలకు తెలుసు; రైతుకు తెలియదు. తెలియని తెగులు కనబడితే మండల వ్యవసాయాధికారి ఆకు నమూనాను ఎక్కడికి పంపాలో, ఎన్ని రోజుల్లో ఫలితం వస్తుందో ప్రభుత్వం నిర్ణయించి గ్రామాల్లో బోర్డు పెట్టించాలి. ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఫలితం తెలుగులో, పంట చేలో వుండగానే రావాలి.